ఎనిమిది కుర్చీల హోటలు

పాఠకుల ప్రశ్నలు, ఒక వంటవాడి జవాబులు

పోయిన నెల ఇడ్లీ పిండి పులవడం గురించి రాస్తూ, టోక్యో చలికి పిండి పొంగక రాత్రంతా పొయ్యి వెచ్చన పక్కన పెట్టుకునేవాణ్ణని ఒక్క ముక్క అన్నాను. ఇడ్లీ గురించి ఒక్కరూ అడగలేదు. ఉత్తరాలన్నీ టోక్యో మీదే. సరే, ఈ నెల అవే తీసుకున్నాను.

నన్ను ఎరగని వాళ్లకి: నాది బరంపురం. 2008 నుంచి 2019 దాకా టోక్యో తూర్పు కొసన నిషి-కసాయిలో ఒక ఇండియన్ హోటల్లో దోసె పెనం ముందు నిలబడ్డాను. మన సాఫ్ట్‌వేర్ కుర్రాళ్లు బాగా ఉండే పేట అది. ఇప్పుడు ఇక్కడే 14 కుర్చీల టిఫిన్ హోటలు నడుపుతున్నాను. టోక్యోలో ఉన్నప్పుడు రాత్రి మా పొయ్యి ఆర్పాక రెండు వీధులవతల ఒక ముసలి దంపతుల హోటల్లో తినేవాణ్ణి. అక్కడివే ఈ జవాబుల్లో సగం. బుల్లెట్ రైలు గురించీ, కిమోనోల గురించీ అడిగినవాళ్లు క్షమించాలి, నాకు తెలిసింది గరిటె దూరం వరకే.

ప్రశ్న: బాబుగారూ, మా అబ్బాయికి కవాసకీలో ఉద్యోగం. కార్తీకంలో నన్ను తీసుకెళ్తానంటున్నాడు. వాడుండే ఇంటి కింద ఎనిమిది మంది పట్టే జపాను హోటలు ఉందట. రోజూ రాత్రి అక్కడే తింటాడట. "అమ్మా, నిన్ను ఆ తాతగారికి చూపించాలి" అంటాడు. నేను గుడ్డు కూడా ముట్టను. కార్తీకంలో ఉల్లీ వెల్లుల్లీ కూడా ఉండవు. వెళ్లి కూర్చుని ఏం తినాలి? వెళ్లకపోతే వాడు నొచ్చుకుంటాడు.
రిటైర్డ్ టీచరు, పర్లాకిమిడి

జవాబు: అమ్మా, చేదు మాట ముందే చెప్పేస్తాను. ఆ హోటల్లో మీ కంటికి శాకాహారంలా కనిపించేవి చాలా వరకు శాకాహారం కావు. ఉడికించిన గుమ్మడి ముక్క, వంకాయ, పాలకూర, మిసో అనే సోయా ముద్ద కలిపిన చారు, అన్నింట్లోనూ దషి ఉంటుంది. మనకి పోపు ఎలాగో వాళ్లకి దషి అలాగ. అది లేకపోతే వంట మొదలవదు.

దషికి మామూలుగా రెండు దినుసులు. ఒకటి కొంబు, ఎండబెట్టిన సముద్రపు నాచు. రెండోది కత్సుఓబుషి. సూర జాతి చేపని ఉడకబెట్టి, పొగబెట్టి, ఎండబెట్టి, మేలురకానికైతే పైన బూజు కూడా పట్టించి మళ్లీ ఎండబెడతారు. చివరికి అది చెక్క ముక్క. రెండు ముక్కలు ఒకదానికొకటి తగిలిస్తే టక్కుమంటుంది. దాన్ని వడ్రంగి చిత్రిక పట్టినట్టు పల్చటి పొరలుగా తీస్తారు. చల్లటి నీళ్లలో నాచు వేసి సన్నసెగన పెట్టి, మరగబోయే ముందు నాచు తీసేసి, చేప పొరలు గుప్పెడు వేసి, అవి అడుక్కి దిగగానే వడకట్టేస్తారు. గోపాల్‌పూర్ ఇసుకలో ఆరేసిన శుఖువా, అదే ఎండుచేపల వాసన ఊహించుకుని ముక్కు మూసుకుని వెళ్తే మోసపోతారు. ఈ రసం లేత టీ రంగులో తేటగా ఉంటుంది, నీచు వాసన పట్టుకోవడం కష్టం. అందుకే తెలియక తాగేస్తారు. మా హోటలుకి వచ్చే శాకాహారి ఇంజనీరు ఒకతను రెండేళ్లపాటు మిసో చారు తాగాడు. సంగతి తెలిసిన రోజు వచ్చి కూర్చుని ఏమీ మాట్లాడలేదు. నేనూ ఏమీ అడక్కుండా దోసె వేసి పెట్టాను.

పోనీ, నాకు విడిగా చేసిపెట్టమని తాతగారిని అడగొచ్చా అంటారేమో. అడక్కండి. ఎనిమిది కుర్చీల హోటల్లో వంటవాడూ, సప్లయరూ, గల్లాపెట్టె మనిషీ, గిన్నెలు తోమేవాడూ ఒక్కరే. మహా అయితే పక్కన భార్య. దషి ఒక్క తపేలా కాచుకుంటారు, ఆ పూట వంటలన్నీ అందులోంచే. కాదనడానికి ఆయనకి నోరు రాదు, చేయడానికి చెయ్యి ఖాళీ ఉండదు. 'సుమిమాసెన్', క్షమించండి అంటూ నాలుగుసార్లు తల వంచుతాడు. చూసే మనకే కష్టంగా ఉంటుంది.

మీరు తినగలిగినవి చెప్తాను. తెల్లన్నం నిరభ్యంతరం. పైగా మీరు వెళ్లేసరికి అక్కడ కొత్త బియ్యం దిగి ఉంటుంది. 'షిన్‌మాయి' అని ఘనంగా కాగితం రాసి అంటిస్తారు. మనం కొత్త బియ్యం ముద్దవుతుందని పాతబియ్యం వెతుక్కుంటాం. వాళ్లకి ఆ ముద్దే కావాలి, లేకపోతే వాళ్లు తినే పుల్లలకి అన్నం దొరకదు. తర్వాత చల్లటి తోఫు, హియయాక్కో అంటారు. దాని మీద చేప పొరలూ ఉల్లికాడలూ జల్లుతారు, రెండూ వద్దని ముందే చెప్పించండి. అల్లం తురుము, సోయా సాసు ఉంటే చాలు. ఉప్పునీళ్లలో ఉడికించిన పచ్చి సోయా కాయలు, ఎదమామె, దొరికితే వదలకండి. ఉమెబోషి అని ఉప్పులో ఊరిన పుల్లటి పండు ఉంటుంది. ఒక్కటి పెట్టుకుంటే గిన్నెడు అన్నం లోపలికి పోతుంది. అయితే కొన్ని రకాల్లో చేప పొడి కలుపుతారు, అడిగి తినండి. ముల్లంగి ఊరగాయకీ అదే మాట.

ఒక వాక్యం కాగితం మీద రాసుకోండి: "నికు తో సకన, దషి మో, తబెరరెమసెన్." మాంసం, చేప, దషి కూడా తినలేను అని అర్థం. గుడ్డుని తమగొ అంటారు, ఉల్లికాడని నెగి, వెల్లుల్లిని నిన్నికు. ఈ నిన్నికులో 'నికు' వినపడినా మాంసానికీ దానికీ సంబంధం లేదు, కంగారు పడకండి. ఇవన్నీ మీరు వెళ్లిన రాత్రి చెప్పడం కాదు. ముందు రోజు రద్దీ తగ్గాక మీ అబ్బాయినే వెళ్లి చెప్పమనండి. రోజూ తినే మనిషి మాట వేరు.

ఇంకొకటి. నేను తినను, తోడు కూర్చుంటాను అనకండి. ఎనిమిదిలో ఒక కుర్చీ ఊరికే పోతుంది. మనిషికి ఒక ఆర్డరు అక్కడి పద్ధతి. తోఫు ఒక్కటైనా మీ పేర చెప్పించండి. గుమ్మానికి గుడ్డ తెర వేలాడుతుంటే హోటలు తెరిచినట్టు, లోపలికి తీసేసుంటే మూసినట్టు. కూర్చోగానే తడి తువ్వాలు ఇస్తారు, అది చేతులకి. దాంతో మొహమూ మెడా తుడుచుకునే మగవాళ్లని చూస్తారు, మీరు చూడనట్టు ఉండండి. మంచినీళ్లకి డబ్బుల్లేవు. తిన్నాక గిన్నెలు ఎదుటి ఎత్తు అరుగు మీద పెట్టేస్తే ఆ పెద్దాయన చెయ్యి చాపే పని తప్పుతుంది. లేచేటప్పుడు 'గొచిసోసమ' అనండి, భోజనానికి కృతజ్ఞత చెప్పే మాట. మీ నోట ఆ ఒక్క మాట వింటే ఆయనకి మీరు ఏం తిన్నారో, ఏం వదిలారో గుర్తుండదు.

కడుపు మాత్రం నిండదు. ఇంట్లో ఇంత పెరుగన్నం తిని వెళ్లండి. తిరిగి వస్తూంటే వీధిలో కాల్చిన చిలగడదుంపల బండి ఎదురవచ్చు, యాకి-ఇమో అని పాట పెట్టుకుని వస్తుంది. కార్తీకానికి దానికి మించింది ఆ దేశంలో నాకు కనపడలేదు.

ప్రశ్న: అంకుల్, పుల్లలతో తినడం వీడియోలు చూసి నేర్చుకున్నాను. భువనేశ్వర్‌లో ఒకచోట నా ఫ్రెండ్‌కి పుల్లలతోనే ముక్క అందిస్తే, తను పుల్లలతో అందుకుంది. పక్క బల్ల దగ్గరున్న జపాను ఆయన మొహం అదోలా పెట్టాడు. మేం చేసిన తప్పేంటి?
డిగ్రీ విద్యార్థిని, బరంపురం

జవాబు: తప్పేనమ్మా. నేనూ చేశాను. 2009 చలికాలం. నేనూ నాతో పనిచేసే నేపాలీ కుర్రాడూ ఆ ముసలి దంపతుల హోటల్లో కూర్చున్నాం. ఉప్పు రాసి కాల్చిన చేప వచ్చింది. పొట్ట దగ్గర కొవ్వున్న ముక్క బాగుందని వాడికి అందించాను, వాడు పుల్లలతో అందుకోబోయాడు. రెండు జతల పుల్లలూ ఒకే ముక్క మీద ఉన్నాయి. ఎటునుంచి వచ్చిందో ఆ ముసలమ్మ, చిన్న పింగాణీ సాసరు మా చేతుల కిందికి జరిపింది. ముక్క అందులో పడింది. ఆవిడ నవ్వి వెళ్లిపోయింది. ఎదురుగా గిన్నె మీద వంగి తింటున్న ఇద్దరూ తల ఎత్తలేదు గానీ నమలడం ఆపారు.

మర్నాడు మా హోటల్లో పనిచేసే జపాను అమ్మాయి చెప్పింది. అక్కడ దహనమయ్యాక బంధువులంతా చేరి అస్థికలు పుల్లలతోనే ఏరతారు. ఒకరి పుల్లల నుంచి ఇంకొకరి పుల్లలకి అందించుకుంటూ కుండలో పెడతారు. బతికున్నవాళ్ల పళ్లెంలో ఆ పని చేయకూడదు. మా నాన్నవి ఈ చేతులతో ఏరి ఋషికుల్యలో కలిపినవాణ్ణి, నాకు రెండోసారి చెప్పనక్కర్లేకపోయింది. అన్నం గిన్నెలో పుల్లలు నిలువుగా గుచ్చకూడదనేది కూడా ఇలాంటిదే. పోయినవాళ్లకి పెట్టే అన్నంలో అలా గుచ్చుతారు. భోజనం విస్తట్లో మనకెవరైనా ముద్ద కట్టి నువ్వులు జల్లి పెడితే ఎలా ఉంటుందో ఆలోచించు.

ఎవరికైనా ముక్క పెట్టాలంటే వాళ్ల పళ్లెంలో పెట్టు. పుల్లలు చేతకాని పెద్దవాళ్లు వెంట ఉంటే స్పూను అడగడం నామోషీ కాదు. అన్నం ముద్ద మీద చేప పెట్టిచ్చే నిగిరి సుషీ అయితే శుభ్రంగా చేత్తోనే తినొచ్చు. ఆ విషయంలో మనం వాళ్లకంటే ముందే పాసయ్యాం.

ప్రశ్న: విశాఖలో రామెన్ తింటూ పక్కవాళ్లని చూసి నేనూ జుర్రుమని లాగాను. మా ఆవిడ బల్ల కింద గిల్లింది. ఎవరిది రైటు?
బ్యాంకు ఉద్యోగి, జయపురం

జవాబు: మీదే. రామెన్, సోబా, ఉదోన్, ఈ మూడు రకాల నూడుల్సూ జుర్రుకోవాల్సినవే. వేడి తగ్గుతుంది, వాసన ముక్కుకెక్కుతుంది, పైగా చల్లారితే నూడుల్ ఉబ్బి పాడవుతుంది కాబట్టి తొందరగా తినాలి. మన చారన్నం జుర్రిన నోటికి కొత్తగా నేర్పేదేం లేదు. కాకపోతే జుర్రడం ఆ గిన్నె వరకే. కూర అన్నానికీ మిగతావాటికీ ఆ లైసెన్సు పనిచేయదు. మీ ఆవిడగారు గిల్లింది విశాఖలో గనక ఆవిడ కూడా పూర్తిగా తప్పు కాదు, అక్కడ పక్క బల్లవాళ్లు మనవాళ్లే కదా.

ప్రశ్న: బరంపురం అప్పడాలూ వడియాలూ ఊరగాయలూ చేసే ఇళ్లు ఒక్కొక్కటే మానేస్తున్నాయి. వాటి గురించి రాయకుండా పచ్చి చేప తినేవాళ్ల తిండికి పేజీలు దేనికండీ?
పాత చందాదారు, ఆస్కా

జవాబు: మీ కోపంలో మొదటి సగానికి నేనూ సంతకం పెడతాను. రెండో సగానికి ఒక కథ చెప్తాను, నచ్చకపోతే చందా డబ్బులు సంపాదకులని అడగండి.

విప్లవకారుడు రాస్ బిహారీ బోస్ పేరు మీకు తెలుసు. బ్రిటిషువాళ్లు వెతుకుతుంటే 1915లో జపాన్ చేరాడు. టోక్యో షింజుకులో నకమురాయా అనే రొట్టెల దుకాణం వాళ్లు ఆయన్ని దాచారు. ఆ ఇంటి కూతురు తొషికోని పెళ్లాడాడు. ఆవిడ 1925లో పోయింది. 1927లో ఆ దుకాణంవాళ్లు భోజనశాల తెరిచినప్పుడు, మన దేశపు పద్ధతిలో కోడికూర పెట్టించింది ఈయనే. అంతకుముందు జపానువాళ్లకి తెలిసిన కూర, బ్రిటిషువాళ్ల చేతి మీదుగా వచ్చిన పిండి కలిపిన చిక్కటి కూర. నకమురాయా ఇప్పటికీ ఉంది, ఆ కూర ఇప్పటికీ పెడుతుంది. నేను సెలవు రోజున రైలెక్కి వెళ్లి తిన్నాను. ఉప్పు ఒక పిసరు తక్కువనిపించింది. ఆ మాట అక్కడ ఎవరికీ చెప్పలేదు.

ఇప్పుడు ఏ చిన్న హోటలుకి వెళ్లినా 'కరే రైసు' కనిపిస్తుంది. ఇండియా వాడి కూర కదా అని మనవాళ్లు ధైర్యంగా అదే చెప్తారు. జాగ్రత్త. ఆ కూరకి వాడే మసాలా బిళ్లల్లో ఆవు కొవ్వో పంది కొవ్వో ఉండడం మామూలు. ఆవు మాంసాన్ని గ్యూ అంటారు, పందిని బుతా, కోడిని తోరి. కోడీ గుడ్డూ తినేవాళ్లకి ఒయాకో-దోన్ నయం. ఉల్లిపాయలతో ఉడికిన కోడి ముక్కల మీద గుడ్డు పోసి అన్నం మీద ఒంపుతారు. ఒయాకో అంటే తల్లీబిడ్డా. పేరు పెట్టినవాడి నోరు మంచిది కాదు గానీ వంట బాగుంటుంది.

అప్పడాల సంగతి ఈ నెల చివరి జవాబులో వస్తుంది. దయచేసి అక్కడి దాకా చదవండి.

ప్రశ్న: మన పఖాళ లాంటిది జపాన్‌లో ఉందా? వాళ్లదీ అన్నం తినే దేశమే కదా.
గృహిణి, రాయగడ

జవాబు: సరిగ్గా పఖాళ లేదమ్మా. అన్నం నీళ్లలో వేసి రాత్రంతా పులవబెట్టే అలవాటు నేను చూడలేదు. దగ్గరి చుట్టం ఒచజుకే. గిన్నెలో అన్నం పెట్టి వేడి టీ గానీ దషి గానీ పోసి, పైన ఉమెబోషో, కాల్చిన చేప ముక్కో, నాచు పీలికలో వేసి గబగబా తింటారు. మందు తాగి, చిరుతిళ్లు తిన్నాక కడుపు సర్దుకోవడానికి ఆఖర్న అది. క్యోటోలో దీన్ని బుబుజుకే అంటారు. ఇంటికొచ్చిన చుట్టాన్ని "బుబుజుకే తింటారా?" అని అడిగితే ఇక బయల్దేరండని అర్థమట. మన పంక్తిలో మజ్జిగ వచ్చేసినట్టు.

గంజికి మాత్రం అక్కడ అసలైన తోబుట్టువు ఉంది. నేను చేరిన మొదటి ఏడాది ఒక సోబా హోటలుకి వెళ్లాను. సోబా అంటే కుట్టు పిండి నూడుల్స్. ఉత్తరాదివాళ్లు నవరాత్రి ఉపవాసాల్లో తినే కుట్టు పిండే. వెదురు చాప మీద చల్లటి నూడుల్స్, పక్కన చిన్న గిన్నెలో నల్లటి పులుసు. ముంచుకుని తిన్నాను. పూర్తవగానే హోటలాయన చెక్క కూజాలో పొగలు కక్కే మబ్బు నీళ్లు తెచ్చి పెట్టాడు. చేతులు కడుక్కోవడానికి కాబోలనుకున్నాను. గిన్నె కోసం చూస్తున్నాను కూడా. అదృష్టం, పక్కాయన తన కూజా ఎత్తి మిగిలిన పులుసులోకి ఒంపుకుని తాగాడు. నేనూ ఒంపాను. సోబాయు అంటారట, నూడుల్స్ ఉడికిన నీళ్లు. ఒక గుక్క పులుసు లేకుండా ఉత్తిగానే తాగి చూశాను. మా అమ్మ అన్నం వార్చి ఉప్పు కల్లు వేసి ఇచ్చే గంజి. దేశం వచ్చి నాలుగు నెలలైంది. ఆ పూట ఇంటికి ఫోన్ చేస్తే, గంజి తాగడానికి అంత దూరం వెళ్లావా అంది.

పులుసులో చేప ఉంటుంది గనక శాకాహారులు సోబాని ఉప్పుతో తినొచ్చు. ఆ నీళ్లూ తాగొచ్చు.

ప్రశ్న: అజినొమోటో విషమంటారు. జపానువాళ్లు అన్నింట్లో అదే వేస్తారట, మరి వాళ్లకేం కాదా?
కిరాణా వ్యాపారి, ఛత్రపూర్

జవాబు: 1908లో టోక్యో ఇంపీరియల్ యూనివర్సిటీలో కికునే ఇకెద అనే రసాయన శాస్త్రవేత్త పైన చెప్పిన కొంబు నాచు రసంలోంచి ఆ రుచినిచ్చే గ్లుటమేట్‌ని విడదీశాడు. ఉప్పు, తీపి, పులుపు, చేదులకి చెందని ఆ రుచికి ఉమామి అని పేరు పెట్టాడు. మరుసటేడు, 1909లో, అది పొడిగా అమ్మకానికి వచ్చింది. అజినొమోటో ఒక కంపెనీ బ్రాండు పేరు, మనం సరుకు పేరు చేసేసుకున్నాం. పండిన టమాటాలో ఉండేదీ అదే గ్లుటమేట్. మామూలు మోతాదులో విషమనడానికి ఆధారం లేదు, అమెరికా ఆహార నియంత్రణ సంస్థ కూడా దాన్ని సురక్షితమైన వాటిలోనే లెక్కేస్తుంది. నాకున్న అభ్యంతరం వేరే. పొడి చేతికొస్తే వంటవాడు బద్ధకిస్తాడు. రసం కాచాల్సిన చోట చెంచాడు పొడి కలిపి చేతులు దులుపుకుంటాడు. నా సాంబారులో వేయను. కందిపప్పూ టమాటా ఉండగా దాంతో నాకేం పని?

ప్రశ్న: అక్కడ టిప్పు ఎంతివ్వాలి?
పేరు రాయలేదు, గుణుపురం

జవాబు: ఇవ్వకూడదు. కొత్తలో ఆ ముసలి దంపతుల బల్ల మీద 120 యెన్లు వదిలి వచ్చాను. మర్నాడు నా పళ్లెం పక్కన అవే 120, కాగితంలో మడిచి ఉన్నాయి.

డబ్బుల మాట వచ్చింది గనక ఇంకోటి. చాలాచోట్ల గుమ్మం పక్కన టికెట్ మెషీను ఉంటుంది. ముందే డబ్బులు వేసి, బొత్తాం నొక్కి, టోకెను తీసుకెళ్లి లోపల ఇవ్వాలి. అక్షరాలు చదవడం రాకపోతే పైవరసలో ఎడమ కొస బొత్తాం నొక్కండి. మామూలుగా ఆ హోటలు పేరు నిలబెట్టే వంటకం అదే. నేను నేర్చుకునే లోపల రెండుసార్లు ఉత్త అన్నం టోకెను తీసుకున్నాను. 2024 జులైలో కొత్త నోట్లు వచ్చాయి, చిన్న హోటళ్ల పాత మెషీన్లు వాటిని ఉమ్మేస్తున్నాయని నా పాత స్నేహితుడు ఫోన్లో చెప్పాడు. చిల్లర దగ్గరుంచుకోండి. మందు అమ్మే ఇజకాయాల్లో అడక్కుండానే చిన్న గిన్నెలో ఏదో తెచ్చి పెడతారు, బిల్లులో దానికీ వేస్తారు. మోసం కాదు, కుర్చీ అద్దె అనుకోండి. నేను మాత్రం ఒకచోట 300 యెన్ల కోసం పావుగంట వాదించాను. ఆ వీధిలోంచి మళ్లీ వెళ్లలేదు.

ప్రశ్న: అన్నా, గోపాల్‌పూర్ బీచి రోడ్డులో మా నాన్న పాత దుకాణం గది ఉంది. చిన్న జపాను హోటలు పెడదామని ఉంది. సుషీ, రామెన్, తెంపురా, మందు తప్ప అన్నీ. వంటవాణ్ణి భువనేశ్వర్ నుంచి మాట్లాడాను. నీ సలహా కావాలి.
హోటల్ మేనేజ్‌మెంట్ చదివిన కుర్రాడు, గోపాల్‌పూర్

జవాబు: తమ్ముడూ, నీ ఉత్తరంలో నాకు భయం వేసిన వాక్యం సుషీ ఉన్నది కాదు, వంటవాణ్ణి మాట్లాడానన్నది. ఆ ఎనిమిది కుర్చీల హోటళ్లు నడిచేది వండేవాడే యజమాని గనక. కుర్చీలు ఎనిమిదే ఎందుకు? నూడుల్స్ ఉడికించే పొయ్యికి కొన్ని జల్లెడ బుట్టలే ఉంటాయి. ఒక్క మనిషి రెండు చేతులతో ఒక వాయిలో తీసి, నీళ్లు దులిపి, గిన్నెల్లో పరిచి, పైన అన్నీ సర్ది, చల్లారకముందే ముందుకు తొయ్యగలిగింది అంతే. పన్నెండో కుర్చీ వేస్తే పన్నెండో మనిషికి ఉబ్బిన నూడుల్ పడుతుంది. కుర్చీల లెక్క చేతుల లెక్క. నువ్వు గల్లాపెట్టె దగ్గర కూర్చుని, వేరే వాడి చేతుల మీద హోటలు పెట్టి, వాడు మూడో నెల్లో విశాఖకి ఎక్కువ జీతానికి పోతే ఏం చేస్తావ్? ముందు నువ్వు నేర్చుకో. అప్పుడు గది శుభ్రం చేయించు.

సుషీ మాట మానెయ్. గోపాల్‌పూర్‌లో చేప తాజాగా దొరుకుతుంది, నిజమే. తాజాగా ఉండడం వేరు, పచ్చిగా తినదగ్గది కావడం వేరు. చేపలో పురుగులు చావాలంటే మైనస్ 20 డిగ్రీల్లో 7 రోజులుంచాలని అమెరికావాళ్ల నిబంధన. మన మామూలు ఫ్రిజ్ పైఅర మైనస్ 18 దగ్గర ఆగిపోతుంది, అదీ కరెంటు ఉంటే. 2013 అక్టోబరు 12న ఫైలిన్ తీరం దాటింది మీ ఊరి దగ్గరే. అంత తుపాను అక్కర్లేదు, వేసవిలో ఒక మధ్యాహ్నం కరెంటు పోతే చాలు.

ఒక్క రామెన్ పెట్టు. ఒక్క రకం. పంది ఎముకల రసం మన బీచికొచ్చే కుటుంబాలకి నడవదు, కోడి ఎముకల రసం పెట్టు. కోడి దుకాణంలో మెడలూ వీపు ఎముకలూ కారుచౌక. ఒకసారి ఉడికించి నురగతో సహా ఆ నీళ్లు పారబోసి, ఎముకలు కడిగి, మళ్లీ నీళ్లు పోసి అల్లం వేసి సన్నసెగన అయిదారు గంటలు. గలగలా మరగనిచ్చావా, మబ్బెక్కుతుంది. ఉప్పు రసంలో వేయకు. సోయా సాసు కలిపిన ఉప్పు పులుసు విడిగా కాచుకుని, గిన్నె అడుగున గరిటెడు పోసి, దాని మీద వేడి రసం పోయాలి. అప్పుడు ప్రతి గిన్నెకీ ఒకే ఉప్పు. గుడ్డు మరిగే నీళ్లలో 7 నిమిషాలు, వెంటనే చల్లనీళ్లలోకి. తర్వాత పెంకు తీసి, ఫ్రిజ్‌లో రాత్రంతా సోయా సాసు నీళ్లలో ఉంచు.

కష్టమంతా నూడుల్. రామెన్‌కి ఆ పసుపు రంగూ, పంటి కింద సాగే గుణమూ గుడ్డు వల్ల వచ్చాయనుకుంటారు. కాదు, పిండిలో కలిపే క్షారం వల్ల. కాన్‌సుయి అంటారు. ఇక్కడ దాన్ని ఎక్కడ తేవాలని నువ్వు ఇంటర్నెట్లో వెతుకుతావు. బరంపురంలో వెతుకు. అప్పడాల పిండిలో వేసే పాపడ్‌ఖార్ ఆ జాతిదే. ఆస్కా చందాదారుగారూ, మీ అప్పడం వచ్చింది. తరతరాలుగా అప్పడాలు ఒత్తే ఇళ్లలో ఆడవాళ్లకి అది కిలో పిండికి ఎంత పడాలో వేళ్ల కొసల్లో ఉంటుంది. తక్కువైతే పిండి సాగదు, ఎక్కువైతే నూడుల్ సబ్బు రుచి వస్తుంది. నేను టోక్యో నుంచి వచ్చిన కొత్తలో మా పక్కింటి పిన్నిగారి దగ్గర గుప్పెడు తెచ్చి ప్రయత్నించాను. మొదటి వాయి నిజంగానే సబ్బు. మూడో వాయి తినగలిగాను. నాలుగోది పిన్నిగారికి పంపితే, "అప్పడం పిండిని పాడుచేశావు" అంది గానీ గిన్నె ఖాళీగానే తిరిగొచ్చింది.

నువ్వు రాసిన పెట్టుబడి లెక్కలు చూశాను. బల్లలకీ, గోడ మీద బొమ్మలకీ పెట్టిన డబ్బులో సగం పొయ్యికీ, పొగ గొట్టానికీ మళ్లించు. కూర్చునేవాళ్లకి నీ చేతులు కనపడేలా పొయ్యి ముందే బల్ల కట్టించు. మిగతాది కాగితం మీద చెప్పేది కాదు. ఒక మంగళవారం మధ్యాహ్నం మూడింటికి మా హోటలుకి రా, అప్పటికి పొయ్యి ఖాళీ అవుతుంది. కిలో మైదా నువ్వు తెచ్చుకో. ఖార్ పిన్నిగారిని అడుగుతాను.